తారాజువ్వ మొదలు రాకెట్టు దాకా

2022వ సంవత్సరం అక్టోబరు 24వ తేదీ దీపావళి. ఆ రాత్రి మా శ్రీనగర్ కాలనీ వీధిలో ఒక పిల్లవాడు సీసాలో నిలిపి వెలిగించిన తారాజువ్వ, నిటారుగా ఎగరవలసినది, పక్కకు ఒరిగి ఎదురింటి మేడ మీద ఆరవేసిన చీరపై వాలినది. చీర కొంగు కాలినదే గాని అంతకు మించి నష్టం జరగలేదు. పిల్లవాని తండ్రి పరుగున పోయి, క్షమాపణ చెప్పుకొని, చీర ఖరీదు ఇవ్వబోయినారు. ఎదురింటి బామ్మగారు పుచ్చుకొనలేదు. "చీరదేముంది నాయనా, పాతదే. మా మేడవైపు వదిలేటప్పుడు ఒక్క మాట చెప్పవద్దూ?" అని మాత్రం అన్నారు.

సరిగా ఇరవై అయిదవ దినాన, నవంబరు 18వ తేదీ ఉదయం 11 గంటల 30 నిమిషాలకు, శ్రీహరికోట నుంచి 6 మీటర్ల పొడవు, 545 కిలోల బరువు గల రాకెట్టొకటి ఎగిరినది. దాని పేరు విక్రమ్-ఎస్. దానిని నిర్మించినది ప్రభుత్వం కాదు; పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా అనే ఇద్దరు యువకులు 2018లో మన హైదరాబాదులో స్థాపించిన స్కైరూట్ ఏరోస్పేస్ అనే సంస్థ. భారతదేశంలో ఒక ప్రైవేటు సంస్థ తయారు చేసిన రాకెట్టు అంతరిక్షపు అంచు వరకు ఎగరటం అదే ప్రథమం. వార్త విన్న బామ్మగారు నన్ను అడిగిన ప్రశ్న మరల అటువంటిదే. "మరి వీళ్ళు ఎవరిని అడిగి వదిలారు నాయనా?"

ప్రశ్న చిన్నది. సమాధానానికి మాత్రం అరవై ఏండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రనే ఈ ప్రసంగంలో మనవి చేయదలచినాను.

నిజానికి తారాజువ్వకు కూడ చట్టం లేకపోలేదు. మందుగుండు తయారీకి, నిలువకు, అమ్మకానికి, రవాణాకు అనుమతి పత్రం ఉండవలెనని 1884 నాటి ప్రేలుడు పదార్థాల చట్టం శాసించినది. దీపావళి ముందు ఖాళీ స్థలాలలో వెలసే టపాకాయల దుకాణాలు పోలీసు వారి అనుమతి, అగ్నిమాపక శాఖ వారి అంగీకారం తెచ్చుకొనవలసినదే. అంతదాక ఎందుకు? ఇంటిపై మరియొక అంతస్తు లేపదలచిన గృహస్థు నగరపాలక సంస్థకు నకషా సమర్పించి, పొరుగు ప్రహరీకి ఇంత జాగా వదలుతానని ఒప్పుకొనవలెను. స్థలం తనది, సొమ్ము తనది. గాలీ వెలుతురూ పొరుగువారివి. నకషా గీసేటప్పుడు పొరుగువాడు ఆ గదిలో ఉండడు. అక్కడ లేని ఆ మనిషి పక్షాన మాట్లాడటానికే అనుమతి అనే ఏర్పాటు పుట్టినది. రాకెట్ల విషయంలోనూ కథ ఇదే. పొరుగు మాత్రం ఒక్క వీధితో ఆగదు, సముద్రాల ఆవలి దాకా విస్తరిస్తుంది.

మన దేశంలో రాకెట్ల యుగం 1963 నవంబరు 21వ తేదీన, కేరళ తీరంలోని తుంబాలో ఆరంభమైనది. ఆనాడు ఎగిరినది అమెరికా ఇచ్చిన నైకీ-అపాచీ రాకెట్టు. తుంబా జాలరుల పల్లె. కేంద్రానికి కావలసిన స్థలంలో వారి ఇండ్లు, మేరీ మాగ్దలీన్ దేవాలయం, బిషప్పు గారి నివాసం ఉండేవి. విక్రం సారాభాయి గారు బిషప్పు గారిని దర్శించి స్థలం అడిగినారనీ, ఆయన తానుగా జవాబు చెప్పక, ఆదివారపు ప్రార్థనకు వచ్చిన జనాన్నే అడిగినారనీ, వారు సమ్మతించినారనీ అబ్దుల్ కలాం గారు అనేక పర్యాయాలు చెప్పేవారు. చట్టం ఏదీ నిర్బంధించకపోయినా పొరుగువారిని ఒక్క మాట అడిగిన సందర్భమది. తరువాతి చరిత్రలో ఆ మాట అడగటం అంత సులభంగా జరగలేదు.

వాతావరణ పరిశోధనకు ఉపయోగించే చిన్న రాకెట్లకు తుంబా చాలును గాని, ఉపగ్రహాలను కక్ష్యలో నిలపటానికి తూర్పు తీరం కావలసి వచ్చినది. భూమి పడమటి నుంచి తూర్పునకు తిరుగుతున్నది గనుక, తూర్పు దిక్కుగా ప్రయోగించిన రాకెట్టుకు ఆ వేగం కొంత ఉచితంగా లభిస్తుంది. మన అక్షాంశంలో అది సెకనుకు సుమారు 450 మీటర్లు. అంతకంటె ముఖ్యమైన కారణం మరియొకటి కలదు. రాకెట్టు విఫలమైతే అది పడేచోట మనుషులు ఉండకూడదు. ఈ రెండు అవసరాలూ తీరే స్థలం కొరకు వెదకి, 1969లో నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట దీవిని ఎంపిక చేసినారు. దానికి తూర్పున బంగాళాఖాతం, పడమట స్థానికులు ప్రళయ కావేరి అని పిలిచే పులికాట్ సరస్సు. దీవి వైశాల్యం సుమారు 43,360 ఎకరాలు. సముద్రతీరం 50 కిలోమీటర్లు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరినది.

పటంలో ఆ దీవి ఖాళీగా కనిపించినది గాని, ఖాళీ కాదు. తరతరాలుగా అక్కడ యానాదులు నివసించేవారు. అడవిలో దుంపలు త్రవ్వుకొని, తేనె, మూలికలు సేకరించి, సరస్సులో చేపలు పట్టి జీవించిన జాతి అది. కేంద్రం ఏర్పడినపుడు వారు తమ నివాసాలు విడిచిపోవలసి వచ్చినది. కొందరిని ప్రధాన భూభాగానికి తరలించినారు. కొందరికి కేంద్రంలోనే పనులు దొరికినవి. ఆనాడు పర్యావరణ ప్రభావ నివేదిక గాని, బహిరంగ విచారణ గాని మన చట్టాలలో లేవు. కట్టేదీ ప్రభుత్వమే, అనుమతించేదీ ప్రభుత్వమే. దేశానికి ఉపగ్రహం కావలెనన్న సంకల్పం గొప్పదే. అయితే ఈనాడు శ్రీహరికోట నుంచి క్షేమంగా ఎగిరే ప్రతి రాకెట్టూ, ప్రభుత్వానిది గాని ప్రైవేటుది గాని, ఆ ఖాళీ చేసిన నేల ఇచ్చిన భద్రత మీదనే ఆధారపడి ఎగురుతున్నదని చరిత్రకారుడు మరువరాదు.

ఆ భద్రత ఏపాటి విలువైనదో త్వరలోనే తెలిసినది. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అనే చిన్న రాకెట్టుతో శ్రీహరికోట ప్రయోగాలు మొదలైనవి. 1979 ఆగస్టు 10వ తేదీన తొలి ఎస్.ఎల్.వి.-3 ఎగిరి, 317 సెకన్ల అనంతరం, తీరానికి 560 కిలోమీటర్ల దూరాన సముద్రంలో కూలినది. శాస్త్రజ్ఞులు దుఃఖించినారు, ఎవరికీ గాయమైనా కాలేదు. మరుసటి సంవత్సరం జులై 18న అదే తరగతి రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినది. విఫలమైన రాకెట్టు సముద్రంలో మాత్రమే పడేటట్లు ముందుగా చూచుకొనటం ఎంత అవసరమో ఆ రెండు ప్రయోగాలూ కలిసి నేర్పినవి.

ఈలోగా ప్రపంచ రాజ్యాలు కూడ ఈ సమస్యను ఆలోచించసాగినవి. అంతరిక్షంలో పని చేసే హక్కు రాజ్యాలకే ఉండవలెనని సోవియట్ యూనియన్ వాదించినది. ప్రైవేటు సంస్థలకూ ద్వారం తెరచి ఉంచవలెనని అమెరికా పట్టుబట్టినది. రెంటికీ మధ్య కుదిరిన రాజీ 1967 నాటి అంతరిక్ష ఒడంబడికలోని 6వ అధికరణంలో కనిపిస్తుంది. ప్రైవేటు సంస్థలు అంతరిక్షంలో పని చేయవచ్చును. కాని వాటికి వాటి రాజ్యం అనుమతి ఇచ్చి, ఎడతెగని పర్యవేక్షణ జరపవలెను. వాటి చేతలకు ఆ రాజ్యమే ప్రపంచానికి జవాబుదారి కావలెను. ఈనాడు ఏ దేశంలోనైనా ప్రైవేటు రాకెట్టుకు ఇచ్చే అనుమతి పత్రానికి మూలం ఈ ఒక్క అధికరణమే.

1972 నాటి మరియొక ఒడంబడిక నష్టపరిహారం సంగతి తేల్చినది. అంతరిక్ష వస్తువు భూమి మీద గాని, ఎగిరే విమానానికి గాని నష్టం కలిగిస్తే, తప్పు ఎవరిదన్న విచారణతో నిమిత్తం లేకుండా ప్రయోగించిన రాజ్యం పరిహారం చెల్లించవలెను. ఎవరి గడ్డ మీద నుంచి రాకెట్టు ఎగిరినదో ఆ రాజ్యమూ ప్రయోగించిన రాజ్యమే. ఇది కాగితం మీది మాట కాదు. 1978 జనవరిలో అణుశక్తి యంత్రం గల సోవియట్ ఉపగ్రహం కాస్మాస్-954 కెనడా ఉత్తర ప్రాంతంలో ముక్కలై పడినది. కెనడా సుమారు 60 లక్షల డాలర్లు కోరినది. 1981లో 30 లక్షల కెనడా డాలర్లకు ఒప్పందం కుదిరినది. మన దేశానికి సంబంధించిన ఉదాహరణ కూడ ఒకటి ఉన్నది. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరాన, జూరియన్ బే ప్రాంతంలో, గుండిగ వంటి పెద్ద లోహపు వస్తువొకటి ఒడ్డుకు కొట్టుకొని వచ్చినది. అది పి.ఎస్.ఎల్.వి. మూడవ దశకు చెందినదై ఉండటానికే అవకాశం అధికమని ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ ప్రకటించినది. ఎవరికీ హాని జరగలేదు. కాని శ్రీహరికోటలో వెలిగించినది ఆస్ట్రేలియా ఒడ్డున తేలగలదని ప్రపంచమంతా చూచినది.

భారతదేశం ఈ రెండు ఒడంబడికలలోనూ భాగస్వామి. కనుక హైదరాబాదులోని ఒక సంస్థ ఎగరవేసిన రాకెట్టు పొరుగుదేశంలో పడితే, ఆ దేశం వచ్చి అడిగేది సంస్థను కాదు, భారత ప్రభుత్వాన్ని. అటువంటపుడు ప్రభుత్వం ముందుగా పరీక్షించకుండా ఎవరినైనా ఎట్లా ఎగరనిస్తుంది?

ప్రైవేటు రాకెట్టుకు అనుమతి ఎవరివ్వవలెనన్న చిక్కు మొదట అమెరికాలో ఎదురైనది. 1982 సెప్టెంబరు 9వ తేదీన టెక్సాస్ తీరంలోని మాటగోర్డా దీవి నుంచి కోనెస్టోగా అనే రాకెట్టు అంతరిక్షాన్ని అందుకొన్నది. ప్రైవేటు ధనంతో ఆ ఎత్తుకు చేరిన తొలి రాకెట్టు అదే. అప్పటికి అటువంటి ప్రయోగానికి అనుమతి ఇచ్చే కార్యాలయమంటూ ఒకటి లేదు. ఆ సంస్థ అనేక ప్రభుత్వ శాఖల గుమ్మాలు తొక్కవలసి వచ్చినది. రాకెట్టు ఆయుధాల జాబితాలోనిది గనుకనూ, దేశపు హద్దు దాటుతుంది గనుకనూ, విదేశాంగ శాఖ నుంచి ఆయుధాల ఎగుమతికి ఇచ్చే లైసెన్సు తెచ్చుకొనవలసి వచ్చినది. ఆకాశంలోకి పోయేదాన్ని విదేశానికి పోయే సరుకుగా లెక్కించినారన్న మాట! ఈ అయోమయం తొలగించటానికే 1984లో అమెరికా వాణిజ్య అంతరిక్ష ప్రయోగాల చట్టం చేసినది. అనుమతుల పని రవాణా శాఖకు అప్పగించినారు. 1995 నుంచి ఆ శాఖలోని పౌర విమానయాన సంస్థ ఆ బాధ్యత వహిస్తున్నది. రాకెట్టు దారి తప్పితే జనానికి ప్రమాదం ఎంత, నష్టం జరిగితే చెల్లించే స్తోమత లేదా బీమా ఉన్నదా, దేశ భద్రతకు భంగం కలదా, పర్యావరణానికి హాని ఏమిటి అనే ప్రశ్నలు ఆ పరీక్షలో ముఖ్యమైనవి.

ఈ చివరి ప్రశ్నకు మూలం 1970 జనవరి 1వ తేదీన ఆమోదం పొందిన అమెరికా జాతీయ పర్యావరణ విధాన చట్టం. ప్రభుత్వం తానుగా చేసే పనికే గాక, తాను అనుమతి ఇచ్చే పనికి కూడ ముందుగా ప్రభావ పరిశీలన జరగవలెనన్నది అందలి నియమం. రాకెట్టు నిమిషాలలో ఎగిరిపోయేది గదా, దానివలన పర్యావరణానికి ఏమి హాని అని కొందరికి తోచవచ్చును. ఘన ఇంధనం మండినపుడు వెలువడే పొగలో హైడ్రోజన్ క్లోరైడు వాయువు, అల్యూమినియం ఆక్సైడు ధూళి ఉంటాయి. ఆ వాయువు తేమతో కలిసి ఆమ్లంగా మారుతుంది. కొన్ని రాకెట్లలో వాడే ద్రవ ఇంధనాలు మనుషులకు విషతుల్యమైనవి. ఇక ధ్వని, వేడి, రాలిపడే దశలు, రాకపోకలకు వేసే రోడ్లు, రాత్రి దీపాలు సరేసరి. ఫ్లారిడాలోని కెనెడీ అంతరిక్ష కేంద్రంలో షటిల్ ప్రయోగాలు జరిగిన దినాలలో, ప్రయోగ వేదిక పక్కనున్న లోతు తక్కువ ఉప్పునీటి మడుగులో ఆమ్లం చేరి చేపలు చచ్చిన ఉదంతాలు శాస్త్రజ్ఞులు నమోదు చేసినారు. అయితే ఆ కేంద్రం చుట్టూ మనుషులు చొరరాని ప్రదేశమే 1963 నుంచి వన్యప్రాణులకు శరణాలయం కూడ అయినది. రాకెట్టు కేంద్రం ప్రకృతికి శత్రువో మిత్రమో ఒక్క మాటలో తేల్చలేము. పరిశీలన జరగవలసినది అందుకే.

పరిశీలన జరిగినంత మాత్రాన అంతా ముందుగా తెలుస్తుందని కూడ అనుకొనరాదు. టెక్సాస్‌లోని బోకా చీకా తీరం నుంచి స్టార్‌షిప్ అనే బ్రహ్మాండమైన రాకెట్టును ప్రయోగించటానికి 2022 జూన్‌లో పర్యావరణ పరిశీలన ముగించి, 75కు పైగా షరతులు విధించినారు. 2023 ఏప్రిల్ 20వ తేదీన తొలి ప్రయోగంలో ఇంజన్ల ధాటికి వేదిక క్రింది కాంక్రీటు పగిలి ముక్కలు దూరదూరాలకు ఎగిరిపడినవి. సమీప వనంలో సుమారు మూడున్నర ఎకరాల మేర మంటలు వ్యాపించినవి. విమానయాన సంస్థ విచారణ ముగిసేసరికి 63 దిద్దుబాట్లు తేలినవి. అనుమతి ఇవ్వటంతో ప్రభుత్వం పని ముగియదనీ, 1967 నాటి ఒడంబడికలోని "ఎడతెగని పర్యవేక్షణ" అనే మాట ఊరకే వ్రాసినది కాదనీ ఆ సంఘటన చాటినది.

మన దేశంలో పర్యావరణ చట్టాలకు ఊపిరి పోసినది ఒక మహా విషాదం. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో విషవాయువు వెలువడి వేలమంది ప్రాణాలు కోల్పోయినారు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చినది. 1991లో సముద్రతీర నిర్మాణాలపై నియంత్రణ నిబంధనలు వెలువడినవి. 1994లోనూ, మరింత విపులంగా 2006లోనూ, పర్యావరణ ప్రభావ పరిశీలనపై ప్రకటనలు జారీ అయినవి. ఆ ప్రకటన పరిధిలోకి వచ్చే అనేక తరగతుల ప్రాజెక్టుల విషయంలో స్థానిక ప్రజల అభిప్రాయం సేకరించవలెను. అయితే అందులోనే ఒక మినహాయింపు ఉన్నది. దేశరక్షణ, భద్రతలకు సంబంధించినవీ, కేంద్ర ప్రభుత్వం వ్యూహాత్మకమని నిర్ణయించినవీ అయిన ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. ప్రభుత్వమే రాకెట్లు ఎగరవేసిన కాలంలో ఆ మినహాయింపునకు అర్థం సులభంగా బోధపడేది. ఒక వర్తక సంస్థ లాభాపేక్షతో ఎగరవేసే రాకెట్టును ఏ తరగతిలో చేర్చవలెనన్నది కొత్త ప్రశ్న.

ఆ కొత్త ప్రశ్నకు దారి తీసిన మార్పు క్రమక్రమంగా వచ్చినది. మన రాకెట్టు విదేశీయుల ఉపగ్రహాలను కిరాయికి మోయటం 1999 మే 26వ తేదీన, కొరియా, జర్మనీ దేశాల ఉపగ్రహాలతో ఆరంభమైనది. అయినా రాకెట్టు మాత్రం ప్రభుత్వానిదే. ప్రైవేటు పరిశ్రమలు భాగాలు చేసి ఇచ్చేవి. మా శ్రీనగర్ కాలనీకి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న బాలానగరంలో, 1970లో స్థాపితమైన ఎం.టి.ఎ.ఆర్. సంస్థ వికాస్ ఇంజన్లను తయారు చేసి ఇస్తూ వచ్చినది. హైదరాబాదు కార్మికుని చేతి పనితనం ఆ విధంగా ఎప్పుడో ఆకాశానికి చేరినది; పేరు మాత్రం అతనిది కాదు.

2020 జూన్ 24వ తేదీన కేంద్ర మంత్రివర్గం ఇన్‌స్పేస్ అనే సంస్థ స్థాపనకు ఆమోదం తెలిపినది. ప్రైవేటు వారి అంతరిక్ష కార్యకలాపాలను ప్రోత్సహించటం, వాటికి అనుమతి ఇవ్వటం, పర్యవేక్షించటం దాని విధులు. ప్రధాన కార్యాలయం అహమ్మదాబాదులో 2022 జూన్ 10న ప్రారంభమైనది. 2021లో స్కైరూట్ సంస్థ ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకొని, ఇస్రో ప్రయోగశాలలను, శ్రీహరికోట వేదికలను ఉపయోగించుకొనే అవకాశం పొందినది. అంతకుముందు ఇస్రో తన రాకెట్టును తానే పరీక్షించుకొనేది. ఇప్పుడు చేసేవారు ఒకరు, వేదిక ఇచ్చేవారు ఒకరు, అనుమతించేవారు మరొకరు. ఈ మూడు పాత్రలు వేరుపడటమే ఈ చరిత్రలో అసలైన మలుపు. విక్రమ్-ఎస్ ప్రయోగం నాడు బామ్మగారి ప్రశ్నకు సమాధానం చెప్పగల కార్యాలయమొకటి మన దేశంలో తొలిసారిగా ఉన్నది.

ఆ ప్రయోగం ముందుగా నవంబరు 15వ తేదీకి అనుకొన్నారు; వాతావరణం అనుకూలించక 18కి వాయిదా వేసినారు. రాకెట్టు 89.5 కిలోమీటర్ల ఎత్తునకు చేరి, తన పని ముగించుకొని, బంగాళాఖాతంలో పడినది. 2024 మే 30వ తేదీన చెన్నైకి చెందిన అగ్నికుల్ సంస్థ, శ్రీహరికోటలో తాను నిర్మించుకొన్న సొంత వేదిక నుంచి, కిరసనాయిలు, ద్రవ ఆమ్లజని ఇంధనంగా గల రాకెట్టును పరీక్షార్థం ఎగరవేసినది. ఈ రెండింటి నడుమ, 2023 ఏప్రిల్‌లో భారత అంతరిక్ష విధానం వెలువడినది. 2024 మే నెలలో అనుమతుల నిబంధనలు, పద్ధతులు ప్రకటితమైనవి. దరఖాస్తు చేసేవారు రాకెట్టు మార్గం, ప్రజల భద్రత, అంతరిక్షంలో మిగిలే శకలాలు, ఇతరులకు నష్టం కలిగితే పరిహారపు ఏర్పాటు మొదలైన విషయాలకు సమాధానం చెప్పవలెను. ఇతర చట్టాల ప్రకారం రావలసిన అనుమతులు వేరుగా తెచ్చుకొనవలెను.

ఈ కాగితాల వెనుక జరిగే పని సామాన్యుని జీవితాన్ని ఏ విధంగా తాకుతుందో ఒక్క ఉదాహరణ చాలును. ప్రతి ప్రయోగానికి ముందు రాకెట్టు దశలు పడగల సముద్ర ప్రాంతాలను గుర్తించి, నావికులకు, విమాన చోదకులకు హెచ్చరికలు జారీ చేస్తారు. ఆ వేళ ఆ దిక్కున పడవ పోరాదు. తుపాను వేళల రేడియోలో మత్స్యకారులకు హెచ్చరికలు చదివే మావంటి వారికి ఆ మాటల బరువు తెలుసును. జాలరికి ఒక దినం వేట పోవటమంటే ఒక దినం కూడు పోవటం. ఎన్నడో ఒకనాడు ప్రయోగం జరిగిన కాలంలో అది ఓర్చుకొనదగినది. ప్రైవేటు సంస్థలు పెరిగి ప్రయోగాల సంఖ్య హెచ్చినకొద్దీ, ఆ ఓర్పునకు వెల కట్టి ఇవ్వవలసిన బాధ్యత కూడ హెచ్చుతుంది. పైన ఆకాశంలోనూ ఇరుగుపొరుగుల సందడి పెరిగినది. 2023 జులై 14వ తేదీన చంద్రయాన్-3ను ఒక శకలం సమీపానికి రాకుండా 4 సెకన్లు ఆలస్యంగా వదిలినారు. చంద్రుని దాకా పోయే రాకెట్టు కూడ, దారిన పోయే శకలానికి తోవ ఇచ్చి బయలుదేరవలసి వచ్చినది.

ఇక పులికాట్ సరస్సు. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలుక తరువాత అదే పెద్దది. శీతకాలంలో వేలాది ఫ్లెమింగోలు ఆ నీటిలో మేస్తాయి. చేరువలోని నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టుకొంటాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు ఆ సరస్సును చీల్చుకొని సాగుతుంది. రాకెట్టు కేంద్రానికి అది జీవనాడి. సరస్సు ఉత్తర భాగంలో నీటి ప్రవాహానికి అడ్డంకి అయినదని పరిశీలకుల ఫిర్యాదు. అదే సమయంలో దీవిలోని అడవి మనుషుల గొడ్డలికి దొరకక నిలిచినదీ ఆ కేంద్రం వలననే. ఈ లాభనష్టాలు రెండూ నిజమైనవే. వాటిని లెక్క వ్రాసి, ఆ లెక్క ప్రజలకు చూపటమే పర్యావరణ పరిశీలన పరమార్థం.

లెక్క ఎందుకు చూపవలెనంటే, ఎంత అనుభవం గలవారి చేతిలోనైనా అగ్ని అగ్నియే. 2004 ఫిబ్రవరి 23వ తేదీన శ్రీహరికోట ఘన ఇంధన కర్మాగారంలో ప్రమాదవశాత్తు ఇంధనం అంటుకొని ఆరుగురు ఉద్యోగులు మరణించినారు. అప్పటికి ఆ కేంద్రానికి ముప్పది ఏండ్లకు పైబడిన అనుభవం. నిన్న మొన్న పుట్టిన సంస్థలు, పెట్టుబడిదారుల తొందర వెనుక తరుముతుండగా, అంతకంటె జాగ్రత్తగా ఉంటాయని కేవలం నమ్మకం మీద విడిచిపెట్టగలమా? 2024లో రాకెట్ల నిర్మాణంలో విదేశీ పెట్టుబడిని 49 శాతం వరకు ముందస్తు అనుమతి లేకుండా అంగీకరించిన తరువాత ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది.

ఆలస్యాన్ని గురించి పరిశ్రమల వారు చెప్పే మాటలోనూ న్యాయం ఉన్నది. ఒక్కొక్క శాఖ గుమ్మం ముందు నెలల తరబడి నిలబెట్టటం వలన ఎవరి ప్రాణమూ దక్కదు. కోనెస్టోగా కథ అదే చెప్పుతున్నది. అనుమతి త్వరగా రావలెను, ఒక్కచోట రావలెను, కారణాలు తెలిపి రావలెను. అందుకు విధాన పత్రం మాత్రమే చాలదు. విధానాన్ని ప్రభుత్వం తలచినపుడు మార్చవచ్చును. చట్టాన్ని మార్చవలెనంటే శాసనసభలో కారణం చెప్పవలెను. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను 2017లో ప్రజల అభిప్రాయానికి విడుదల చేసినారు. 2023లో వచ్చినది విధానమే గాని చట్టం కాదు. నష్టపోయిన జాలరి ఏ న్యాయస్థానంలో, ఏ చట్టం క్రింద, ఎవరిని అడగవలెనో స్పష్టంగా వ్రాసి ఉంచటం, పెట్టుబడి పెట్టేవారికి ఎంత అవసరమో ఆ జాలరికి అంతకంటె అవసరం.

ఆ దినం బామ్మగారికి నేను ఈ కథ అంతా చెప్పలేదు. ఢిల్లీ ప్రభుత్వం వారు స్థాపించిన ఒక సంస్థ అన్నీ పరీక్షించి అనుమతి ఇచ్చినదనీ, సముద్రం మీద ఎవరూ లేకుండా చూచి వదిలినారనీ మాత్రం చెప్పినాను. ఆమె తృప్తి పడినారు గాని, ఒక సందేహం వదలలేదు. "సముద్రం మీద వాళ్ళకు చెప్పారు, బాగుంది. ఒడ్డున ఉన్నవాళ్ళను కూడా అడిగారా?"

తుంబాలో ఆదివారం నాడు ఒక బిషప్పు గారు అడిగినారు. శ్రీహరికోటలో యానాదులను ఎవరు ఏమని అడిగినారో చట్టం నాడు పట్టించుకొనలేదు. ఇక ముందు మన తీరంలో నెలకొనబోయే ప్రతి వేదిక విషయంలోనూ ఈ ప్రశ్న వేయవలసి ఉన్నది. మన నగరపు యువకుల రాకెట్టు ఆకాశాన్ని అందుకొన్నదని విని పొంగిపోయిన మనం, ఒడ్డున ఉన్నవారిని అడిగినారన్న మాట కూడ అదే వార్తలో వినవలెనని కోరటం న్యాయమే గదా.